లాకరు కొనబోయే మనిషి

మా అపార్ట్‌మెంటు రెండో అంతస్తాయనకి అమ్మానాన్నలు పెట్టిన పేరొకటుంది. అది కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనపడదు. లోకానికి ఆయన లాకర్రావు. బిరుదు ఊరికే రాలేదు. ఆరేళ్లుగా ఆయన లాకరు కొనబోతున్నాడు.

మేం కొత్తగా దిగినప్పుడు వాళ్లావిడ మా ఆవిడతో, "మా వారు మంచి లాకరు కోసం చూస్తున్నారండీ, ఓ పట్టాన తెమలడం లేదు" అంది. "మా బ్యాంకులోనూ ఖాళీల్లేవంటున్నారు వదినగారూ" అని మా ఆవిడ నొచ్చుకుంది. వాళ్లింట్లో బంగారం ఏపాటి ఉంటుందోనని ఆ రాత్రి మా ఇంట్లో పొద్దుపోయేదాకా లెక్కలు సాగాయి. మర్నాడు సెల్లార్లో అసలు సంగతి తెలిసింది. లాకరు నగలకి కాదు, జిప్సీ జీపుకి.

ఇలాంటాయన ఒక్కడే ఉంటే వ్యక్తి అనుకుని ఊరుకోవచ్చు. కూకట్‌పల్లి నుంచి కొండాపూర్ దాకా ఏ సెల్లార్లో చూసినా ఒకడుంటాడు గనక జాతి అనాల్సిందే. గుర్తుపట్టడం తేలిక. బండి పైకప్పు మీద ఓ పార, ఆ పారకి ఇంకా ఊడని ధర చీటీ. నడుంలోతు నీళ్లలోనూ ఇంజనుకి ఊపిరాడేలా బానెట్ పక్కనుంచి పైకి లేచిన స్నార్కెల్ గొట్టం. వాన పడితే మాత్రం ఆయన ఆఫీసుకి క్యాబ్‌లో వెళతాడు, బండి తుప్పుపడుతుందని. తలుపుల మీద వికారాబాద్ ఎర్రమట్టి మరకలు. వాటి జోలికి ఎవర్నీ పోనివ్వడు. నిరుడు కొత్త వాచ్‌మన్ తెలీక బకెట్టు నీళ్లతో వాటిని కడిగేస్తే రెండ్రోజులు అన్నం సరిగా తినలేదు.

లాకర్రావు ముందు "అసలు లాకరంటే ఏమిటండీ?" అని ఎప్పుడూ అడక్కండి. నేనడిగాను. ఇరానీ హోటల్లో రెండు ఉస్మానియా బిస్కెట్లు అటూ ఇటూ నిలబెట్టి, నడుమ టీచెంచా పెట్టి మొదలెట్టాడు.

"ఇవి చక్రాలు, ఇది ఇరుసు. ఎద్దుబండికి ఏ బాధా లేదు. ఇరుసు తిరగదు, చక్రాలు దేనికది తిరుగుతాయి. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ పోవాలి. పోతాయి. ఇంజను పెట్టి ఇరుసునే తిప్పడం మొదలెట్టాక వచ్చింది చిక్కు. రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరుగుతామంటే బండి మలుపు తిరగనంటుంది. అందుకని 1820ల చివర్లో పారిస్‌లో ఒనెసిఫోర్ పెకూర్ అనే గడియారాల మేస్త్రి, తన ఆవిరిబండి ఇరుసు మధ్యలో పళ్లచక్రాలు పెట్టి, దేని వేగంతో దాన్ని తిరగనిచ్చాడు. అదే డిఫరెన్షియల్."

"బాగానే ఉందిగా."

"రోడ్డు మీద బాగానే ఉంది. కానీ దానికో పాడు గుణముంది. రెండు చక్రాలకీ బలం సమానంగా పంచుతుంది. ఒకటి బురదలో పడిందనుకోండి. జారుతున్నదాన్ని తిప్పడానికి ఎంత బలం చాలునో, గట్టినేల మీదున్న రెండోదానికీ అంతే వడ్డిస్తుంది. అది తిరుగుతూ ఉంటుంది, ఇది చూస్తూ ఉంటుంది." ఒక బిస్కెట్టుని టీలో ముంచి తిప్పి చూపించాడు. అది విరిగి కప్పులో పడింది. "లాకరు ఆ రెంటినీ ముడేస్తుంది. ఒకటి తిరిగితే రెండోదీ తిరగాల్సిందే."

"అయితే కొనెయ్యండి."

ఆయన నన్ను జాలిగా చూశాడు. "ఏ లాకరు?"

ఆ ప్రశ్న దగ్గరే ఆయన ఆరేళ్లుగా నిలబడి ఉన్నాడు. లేకలేక పుట్టిన కొడుక్కి సంబంధాలు చూసే తల్లి కూడా అన్ని వంకలు పెట్టదు. మొదట వచ్చింది టోర్సెన్. పెద్దింటి సంబంధం. వెర్నన్ గ్లీస్‌మన్ 1958లో పేటెంటు తీసుకున్న సొత్తు, అమెరికా సైన్యం హమ్వీల్లో తిరిగిన వంశం. "కానీ అది లాకరు కాదండీ, లాకరుకి దూరపు చుట్టం. జారే చక్రం దగ్గర ఎంత బలం నిలిస్తే, దానికి కొన్ని రెట్లు పట్టున్న చక్రానికిస్తుంది. చక్రం గాల్లోకి లేచిందంటే దాని బలం సున్నా. సున్నాని ఎన్ని రెట్లు చేస్తే ఏమొస్తుంది?" నాకు లెక్కలు పెద్దగా రావు గానీ అది మాత్రం తెలుసు.

తర్వాత డెట్రాయిట్ లాకర్. బలానికి వంక లేదు, వంకంతా నోటితోనే. తనంతట తనే పట్టేస్తుంది, మలుపులో తనంతట తనే వదిలేస్తుంది, ఆ సందట్లో ఠంగుమంటుంది. "సెల్లార్లో బండి తిప్పితే చాలు, నేనెన్నింటికి వచ్చానో రెండో అంతస్తులో మా ఆవిడకి తెలిసిపోతుంది."

ఇంకో రకానికి అమెరికావాళ్లు పెట్టిన ముద్దుపేరు టిఫిన్ డబ్బా లాకరు. మొత్తం సామాను అన్నం డబ్బాలో పట్టేంత ఉంటుంది. ఉన్న డిఫరెన్షియల్లోనే లోపలి చిన్న పళ్లచక్రాలు తీసి దీన్ని అమర్చుకోవడమే. క్రౌనూ పినియనూ అనే బయటి పళ్లచక్రాలు కదిపే పని లేదు, చవక కూడా. "చవకంటున్నారుగా!" అన్నాను ఆశగా. "అదేనండీ నా అనుమానం" అన్నాడు.

ఆయన మనసు పడింది మాత్రం మెల్‌బోర్న్ సంబంధం మీద. ఏఆర్‌బీ అనే ఆస్ట్రేలియా కంపెనీ ఎయిర్ లాకర్. స్విచ్చి నొక్కితే కంప్రెసర్ నుంచి గాలి వెళ్లి లాకు బిగిస్తుంది, మళ్లీ నొక్కితే వదిలేస్తుంది. మనకి కావాలన్నప్పుడే పలుకుతుంది, మిగతా వేళల్లో నోరెత్తదు. ఇంతకన్నా గుణవంతురాలు దొరకదు. కానీ ధర డాలర్లలో, పైన కస్టమ్స్, ఆపైన బిగించే మేస్త్రి. గాలిగొట్టం ఎక్కడైనా చిల్లిపడితే? గాలి గొడవ లేకుండా విద్యుదయస్కాంతంతో పట్టే ఈ-లాకరు మేలేమో? మరి వైరు తెగితే? ముందు ఇరుసుకి పెట్టాలా, వెనక ఇరుసుకా? ముందు పెడితే స్టీరింగ్ మొరాయిస్తుంది, వెనక పెడితే తడిరోడ్డు మీద తోక జాడిస్తుంది.

ఒకసారి ఆటోనగర్ మేస్త్రి ఈ గోడంతా విని, "లోపలి పళ్లచక్రాలు వెల్డింగ్ కొట్టేస్తా సార్, ఇంక జన్మలో విడిపోవు" అన్నాడట. అమెరికాలోనూ ఆ పద్ధతుందని, అక్కడి వెల్డింగ్ మిషన్ల కంపెనీ పేరుతో దాన్ని వేళాకోళంగా లింకన్ లాకరంటారని లాకర్రావు ఆయనకే ఓ గంట ఉపన్యాసం ఇచ్చి వచ్చాడు. మేస్త్రి గంటకి కూలీ అడగలేదు. మంచి మనిషి.

ఎంచుకునే బాధ లేకుండా లాకరు దొరికినవాళ్లంటే మాత్రం ఆయనకి పడదు. ఫోర్స్ గూర్ఖాకి ముందూ వెనకా రెండు లాకర్లూ కంపెనీయే పెట్టిస్తుంది. దాని మాటెత్తితే, "అమ్మ పెట్టిన అన్నం అది, వండుకున్నది కాదు" అంటాడు. అయిదో అంతస్తు కుర్రాడు 2020 మోడల్ థార్ కొన్నాడు. దాని వెనక ఇరుసులో ఈటన్ కంపెనీ మెకానికల్ లాకరుంది. రెండు చక్రాల వేగానికీ నిమిషానికి ఓ వంద చుట్ల తేడా రాగానే చప్పున పట్టేస్తుంది. ఆ సంగతి లిఫ్టులో చెబితే కుర్రాడు చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసి, "అవునా అంకుల్? ఏ వేరియంటో మా డాడీనడగాలి" అన్నాడు. ఆ సాయంత్రం లాకర్రావు టెరస్ మీద ఒంటరిగా కూర్చున్నాడు.

ఆలూ లేదు చూలూ లేదుగానీ, సోమలింగానికి ఉయ్యాల మాత్రం కట్టేశాడు. జిప్సీ డాష్‌బోర్డు మీద ఎర్రమూత ఉన్న స్విచ్చి ఒకటుంది. ఎయిర్ లాకరు వచ్చాక పని పడుతుందని ముందే బిగించాడు. నొక్కితే చిన్న లైటు వెలుగుతుంది. ఆ వైరు లైటు దాటి ఎక్కడికీ పోదు.

ఆ స్విచ్చి పరీక్షకి నిలబడ్డ రోజు నేనక్కడే ఉన్నాను. వాళ్ల అత్తారి ఊరు, మా ఊరు గోదావరి జిల్లాలో పక్కపక్కనే. సంక్రాంతికి నన్నూ జిప్సీలో ఎక్కించుకున్నాడు. దాళ్వా దమ్ముల రోజులవి. చేలల్లో ట్రాక్టర్లు ఇనప చక్రాలతో మడులు దున్నుతున్నాయి. అవి ఎక్కీ దిగీ పుంతదారి ఒకవైపు హల్వా అయిపోయి ఉంది. తారురోడ్డు చుట్టూ తిరిగి వెళ్తుందని వాళ్లావిడ చెప్పింది. లాకర్రావు చెవులు అప్పటికే పుంతలోకి దిగిపోయాయి.

యాభై గజాలు పోయాక ఎడమ చక్రాలు రెండూ గాడిలో కూరుకుపోయాయి. నాలుగు చక్రాలకీ ఇంజను బలం వెళ్లేలా గేరు మార్చాడు. ఎడమవి కుమ్మరి సారెల్లా తిరిగాయి. కుడివి గట్టిగడ్డి మీద తీర్పరి పెద్దమనుషుల్లా కదలకుండా కూర్చున్నాయి. ఇంకొకరైతే నెత్తి కొట్టుకునేవారు. లాకర్రావు ముఖం దీపావళి అయిపోయింది.

"చూశారా? చూశారా! ఇదే నేను చెప్పింది! బిస్కెట్టు!" అంటూ కిందికి దిగి, నన్నూ దింపి, ఆవిడ్ని తొక్కమని చెప్పి, తిరిగే చక్రాన్నీ తిరగని చక్రాన్నీ వేలితో చూపిస్తూ ఆనందబాష్పాలు తుడుచుకున్నాడు. నిజానికి అవి బురద చుక్కలు. ఆవిడ కిటికీలోంచి, "ఏవండీ, అరిసెల డబ్బా వెనకుంది, మెత్తబడిపోతాయి. పొద్దుగుంకేలోగా ఇల్లు చేరతామా?" అంది. ఆయన గంభీరంగా వెళ్లి ఎర్రమూత ఎత్తి స్విచ్చి నొక్కాడు. లైటు వెలిగింది. జిప్సీ ఇంకో రెండంగుళాలు దిగింది.

పక్క చేలో దమ్ము చేస్తున్న ట్రాక్టరతను గట్టు దగ్గరికొచ్చి ఆపాడు. "అల్లుడుగారాండీ! ఆయ్, తాడేదన్నా ఉందాండీ?" ఉంది. కవరు విప్పని నైలాన్ తాడు, కొక్కేలు, చేతితొడుగులు అన్నీ ఉన్నాయి. కట్టాక ట్రాక్టరు లాగింది. లాగబోయి దాని చక్రం కూడా ఒకటి బురదలో ఊరికే తిరగడం మొదలెట్టింది. అతను వెనక్కి చూడనైనా చూడకుండా సీటు కింద పెడల్ని మడమతో ఒక్క తొక్కు తొక్కాడు. రెండు పెద్దచక్రాలూ ఒక్కసారిగా నేలని కరిచాయి. అరిసెలతో సహా మేం గట్టెక్కాం.

లాకర్రావు పరుగున వెళ్లాడు. "ఇప్పుడేం తొక్కావయ్యా?"

"లాకండీ."

"లాకరా! ఎక్కడ పెట్టించావు? ఏ కంపెనీ?"

"పెట్టించడమేటండీ, బండితోటే వచ్చిందండీ. అన్ని ట్రాక్టర్లకీ ఉంటదండీ."

"ఎప్పుడు తొక్కాలో ఎలా తెలుస్తుంది?"

అతను కాసేపు ఆలోచించాడు. ఇలాంటి ప్రశ్న జీవితంలో ఎవరూ అడిగి ఉండరు. "ఓ చక్రం ఊరికే తిరుగుతుంటే తెలదాండీ? తొక్కడమే. మలుపు తిప్పేముందు కాలు తీసేయాలండీ. తియ్యకపోతే బండి మన మాట వినదు."

హైదరాబాద్ వచ్చేదాకా లాకర్రావు మాట్లాడలేదు. వాళ్లావిడ మాత్రం ఆ నెల పాడిన చీటీ డబ్బు తెచ్చి ఆయన ముందు పెట్టింది. "ఇందులో మీ మెల్‌బోర్న్‌దే కొనుక్కోండి. రేపే." ఆ రాత్రి పన్నెండింటికి ఆయన మా తలుపు తట్టాడు. మనిషి పాలిపోయి ఉన్నాడు.

"లాకరు పెట్టగానే సరిపోదండీ. ఇంజను బలమంతా ఒకే చక్రం మీద పడితే లోపలి యాక్సిల్ కడ్డీ విరుగుతుంది. ముందు గట్టి కడ్డీలు చూడాలి. అవి చూడాలంటే టైరు సైజు తేలాలి. టైరు మారిస్తే గేరు నిష్పత్తి మార్చాలి. పైగా మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఒకటుంది, బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. ఇన్సూరెన్సువాళ్లు ఏమంటారో…"

"టైర్లలో గాలి కాస్త తగ్గించి ఉంటే ఆ పుంతలో మనమే బయటపడేవాళ్లమటగా, మా తమ్ముడన్నాడు" అన్నాను, ఓదార్పుగా.

ఆయన కళ్లు మెరిశాయి. "ఎంతకి తగ్గించాలన్నాడు? పదిహేనా? పద్దెనిమిదా?" అని జేబులోంచి పుస్తకం తీశాడు. మనిషి ఆరోగ్యం కుదుటపడింది. నా నిద్ర పోయింది.

వారం చూసి వాళ్లావిడ ఆ చీటీ డబ్బుతో గాజులు చేయించుకుంది. వాటిని దాచడానికి బ్యాంకులో లాకరు తీసుకుంది. జాయింటు సంతకానికి లాకర్రావూ వెళ్లాడు, సాక్షి సంతకానికి నేనూ వెళ్లాను. ఇనప గదిలో మేనేజరు తన తాళం చెవి ఒక రంధ్రంలో పెట్టి, "రెండోది మీది. రెండు తాళాలూ పడితేనే తెరుచుకుంటుంది" అన్నాడు.

లాకర్రావు కళ్లజోడు సర్దుకుని ముందుకి వంగాడు. ఆ మాట ఆయన్ని ఎక్కడో తాకింది. "రెండూ కలిస్తేనేనా! బాగుంది. ఇందులో ఎన్ని రకాలుంటాయండీ?"

"చిన్నది, మధ్యది, పెద్దది. మూడు సైజులు సార్."

"మూడింటికీ అద్దె వివరాలు ఒక కాగితం మీద రాసివ్వగలరా? ఓ రెండ్రోజులు ఆలోచించుకుని…"

వాళ్లావిడ అప్పటికే తాళం తిప్పేసింది.