నలభై రెండో లైనుకి దారేది?

కంపైలర్‌ని అందరూ తిడతారు గానీ, దానంత చక్కగా చిరునామా చెప్పేవాళ్లు లోకంలో లేరు. ‘మెయిన్.సి:42:7’ అంటుంది. ఫైలు పేరు, లైను, ఆ లైనులో ఎన్నో అక్షరమో, అన్నీ ఒక్క ఊపిరిలో. గ్రెప్‌ని లైను నంబర్లు అడిగితే అదీ ఇదే ధోరణిలో చెబుతుంది. సరే, ఆ ముక్క కాపీ చేసి విమ్ చేతికిస్తే తిన్నగా వెళ్లి 42వ లైనులో వాలాలి కదా? వాలదు. ‘మెయిన్.సి:42:7’ అనే పేరుతోనే కొత్త ఫైలు ఖాళీగా తెరిచి కూర్చుంటుంది. యూనిక్స్‌లో ఫైలు పేరులో కోలన్ ఉండకూడదనే నియమం లేదు మరి. అలవాటు కొద్దీ సేవ్ చేసి బయటికొచ్చేవాళ్ల పుణ్యమా అని, ప్రాజెక్టు ఫోల్డర్లలో ఇలాంటి సున్నా బైట్ల ఫైళ్లు వెలుస్తుంటాయి. ఎవరివో, ఎందుకున్నాయో తెలియక వాటిని తీసేసే ధైర్యం ఎవరూ చేయరు.

ఎడిటర్లది పెళ్లిలో వియ్యాలవారి వరస. ఒక్కొక్కరికి ఒక్కో మర్యాద. విమ్‌కి ఫైలు పేరుతోపాటు +42 సమర్పించుకోవాలి. నానోకి +42,7 అని కామాతో ఇస్తే సరి. ఈమ్యాక్స్‌కి +42:7 అని కోలనే కావాలి. విఎస్ కోడ్ వారికి కోలన్లతో పేచీ లేదు గానీ, ముందు ‘హైఫన్ జి’ అని పిలవాలి. విమ్‌కి తాతగారైన ‘వి’ 1976లో బర్క్‌లీలో బిల్ జాయ్ చేతుల్లో పుట్టింది. అంత పెద్దల ఇంటి పద్ధతులు మార్చమని మనం అడగలేం.

అందుకే మధ్యవర్తిగా మన షెల్ బాష్‌ని పెట్టాను. బాష్‌ఆర్‌సిలో ఓ చిన్న ఫంక్షన్: వచ్చిన మాటని కోలన్ దగ్గర తుంచు, ముందుది ఫైలు, వెనకది లైను, ప్లస్ తగిలించి విమ్‌కి అప్పగించు. అంతే. ఆ తర్వాత షరతులు మొదలయ్యాయి. గ్రెప్ చెప్పినదాని మీద డబుల్ క్లిక్ చేస్తే ఒక్కోసారి చివరి కోలన్ కూడా వెంటబడి వస్తుంది, దాన్ని వదిలించు. ఎవరో మహానుభావుడు ‘మీటింగ్-10:30’ అని నిజంగానే ఫైలుకి పేరు పెట్టాడు, కనుక ముందు ఆ పేరుతో ఫైలుందేమో చూడు, లేకపోతేనే తుంచు. పైథాన్ ఎర్రర్లలో కోలన్ల గొడవ ఉండదు, ‘లైన్ 42’ అని తీరిగ్గా చెబుతుంది, దానికి వేరే ఏర్పాటు.

అక్కడితో ఆగొచ్చు. కానీ అసలు ఎడిటర్ పేరు మాత్రం ఎందుకు టైపు చేయాలి? 2009లో వచ్చిన బాష్ 4లో ‘కమాండ్ నాట్ ఫౌండ్ హ్యాండిల్’ అని ఓ సదుపాయం ఉంది. ఆ పేరుతో ఫంక్షన్ రాసిపెడితే, తనకి తెలియని కమాండు తగిలినప్పుడు బాష్ చేతులెత్తేయకుండా దాన్ని పిలుస్తుంది. ఇక ఒట్టి చిరునామా అతికించి ఎంటర్ కొడితే చాలు, ఫైలు తెరుచుకుంటుంది! అయితే పేరులో స్లాష్ ఉండకూడదు. ‘ఎస్‌ఆర్‌సి/మెయిన్.సి:42’ అంటే బాష్ దాన్ని నేరుగా నడపబోయి, అలాంటిదేమీ లేదని తేల్చేస్తుంది. మన ఫంక్షన్‌ని పిలవనే పిలవదు. మా ప్రాజెక్టులో స్లాష్ లేకుండా దొరికే ఫైలు రీడ్‌మీ ఒక్కటే. అందులో ఎర్రర్లు రావు.

మా టీములో కుర్రాడొకడు ఇదంతా ఓపిగ్గా చూశాడు. “అన్నా, విఎస్ కోడ్ టెర్మినల్లో కంట్రోల్ పట్టుకుని దాని మీద క్లిక్ చేస్తే అదే లైను తెరుచుకుంటుంది కదా” అన్నాడు. మౌస్ కోసం చెయ్యి కీబోర్డు దాటడం ఎంత కాలహరణమో వాడికి వివరంగా చెప్పాను. అంతా విని, “మరి కాపీ చేయడానికి డబుల్ క్లిక్ కాలితో చేస్తావా?” అన్నాడు.

ఇలాంటి ప్రశ్నలకి మాటలతో కాదు, చేతలతో జవాబివ్వాలి. వాడి ఎర్రరే తీసుకుని ఫంక్షన్‌కి ఇచ్చాను. రెప్పపాటులో విమ్ ఫైలు చివరి లైనులో వాలింది. అక్కడేమీ లేదు. ఎక్కడో పైన బ్రాకెట్టు మూయడం మరిచిపోతే, ఫైలు అయిపోయేదాకా ఎదురుచూసి చివర్లో గోల పెట్టడం సి కంపైలర్ల అలవాటు.

“మరి తప్పెక్కడుందన్నా?”

“చెప్పిన లైనుకి చేర్చడం వరకే షెల్ డ్యూటీ. తప్పు వెతకడం కూడా దానికే నేర్పితే మనకి జీతాలెవరిస్తారు?”