ఫజ్ పెడల్ పద్యానికి టీకా తాత్పర్యాలు

తే.గీ.
లీకు చూడక గెయినును లెక్కగొనకు;
మొదటిదానికి డెబ్బది ముదమునిచ్చు;
రెండు నూటిరువదిదాక రేగవలయు;
సగపు వోల్టేజి నిలుపుము చలువవేళ.

అవతారిక: గిటారు స్వరాన్ని బొంగురుపరచి, ఆ బొంగురునే అందం అనిపించే పెట్టె ఫజ్ పెడల్. 1966లో లండన్‌లోని ఆర్బిటర్ సంస్థ మైకు స్టాండు అడుగుదిమ్మను పోలిన గుండ్రటి డబ్బాలో పెట్టి అమ్మిన ఫజ్ ఫేస్ వీటిలో మూలవిరాట్టు. జిమీ హెండ్రిక్స్ పాదస్పర్శ పొందినది. లోపల చూస్తే రెండు జెర్మేనియం ట్రాన్సిస్టర్లు, నాలుగు రెసిస్టర్లు, మూడు కెపాసిటర్లు, రెండు కంట్రోళ్లు, ఒక 9 వోల్టుల బ్యాటరీ, అంతే. ఇంట్లో కట్టుకొనేవాడికి టంకం పెట్టడం గంట పని, సరైన ట్రాన్సిస్టర్ల జతను వెతకడం మాత్రం ఎప్పటికి తెమిలేదో చెప్పలేము. కవి అందుకే దానినే ఎత్తుకున్నాడు. ఆ కవి ఎవరో తెలియదు. టీకాకారుడే రాసుకున్నాడని గిట్టనివారి మాట.

ప్రతిపదార్థం: లీకు = బేస్‌కు ఏమీ ఇవ్వకపోయినా కలెక్టరులో దొంగచాటుగా పారే కరెంటును; చూడక = కొలవకుండా; గెయినును = బేస్‌కు ఇచ్చిన కరెంటు కలెక్టరులో ఎన్ని రెట్లవుతుందో ఆ అంకెను; లెక్కగొనకు = నమ్మవద్దు; మొదటిదానికి = గిటారు వైపు ట్రాన్సిస్టరుకు; డెబ్బది = 70 గెయిన్; ముదమునిచ్చు = చాలును; రెండు = రెండవది (గణాలు చాలక 'వది' రాలిపోయింది; పక్కనున్న నూటిరువదిలోంచి అరువు తెచ్చుకోవాలి); నూటిరువదిదాక = 120 వరకు; రేగవలయు = ఎగయవలెను; సగపు వోల్టేజి = రెండవదాని కలెక్టరు దగ్గర 4.5 వోల్టులను; నిలుపుము = సర్ది ఉంచుము; చలువవేళ = చల్లగా ఉన్నప్పుడు.

తాత్పర్యం: పైదే.

విశేషాలు: శ్రీకారంతో ఎత్తుకోవలసిన పద్యాన్ని లీకారంతో ఎత్తుకోవడం మర్యాద తెలియక కాదు. జెర్మేనియం విషయంలో విఘ్నాలన్నీ అక్కడే పుడతాయి. “మల్టీమీటరులో గెయిన్ కొలిచే గుంట ఉన్నది గదా, గుచ్చి చూసుకుంటే పోలేదా?” అని పూర్వపక్షం. పోదు. ఆ గుంటకు లీకేదో, గెయినేదో వివేకం లేదు. రెండూ కలిపి ఒకే అంకెగా చూపుతుంది. సిద్ధాంతం ఏమంటే: 9 వోల్టులు ఇచ్చి, కలెక్టరు దారిలో 2.47 కిలో ఓముల రెసిస్టరు పెట్టి, బేస్‌ను గాలికి వదిలేసి, ఆ రెసిస్టరు మీద వోల్టేజి చూడాలి. కనబడినదంతా లీకే. తరువాత 2.2 మెగా ఓముల ద్వారా బేస్‌కు సుమారు 4 మైక్రోఆంపియర్లు అందించి మళ్లీ చూడాలి. రెండో అంకెలోంచి మొదటిదాన్ని తీసేసి నూరుతో గుణిస్తే వచ్చేది అసలు గెయిన్. 1.20 వోల్టులు చూసి 120 దొరికిందని మురిసినవాడు, ముందు 0.45 వచ్చిన సంగతి గుర్తు చేసుకుంటే, తన చేతిలో ఉన్నది 75 అని గ్రహిస్తాడు. ఆ చేయి కూడా తీసేయాలి: వేళ్ల వేడికే లీకు పెరుగుతుంది. గుచ్చాక కాసేపు ముట్టకుండా ఆగి చూడాలి.

డెబ్బది, నూటిరువది అన్నవి పెడళ్లు కట్టేవారిలో చాలాకాలంగా చెల్లుతున్న అంకెలు. అటూ ఇటూ పదో పదిహేనో పోయినా దోషం లేదు. మొదటిది తక్కువ, రెండవది ఎక్కువ అన్న వరుస తప్పకపోతే చాలు.

పాత ట్రాన్సిస్టర్ రేడియోల చివరి అంచెలో జంటగా కూర్చునే ఏసీ128, తొలి ఫజ్ ఫేసులలోని ఎన్‌కేటీ275, రెండూ పీఎన్‌పీ జాతివే. వీటికి పాజిటివే ఎర్త్. మిగతా పెడళ్లతో కలిపి ఒకే అడాప్టరుకు తగిలిస్తే షార్టు. పద్యంలో ఈ మాట లేదు, ఉండవలసింది.

'సగపు వోల్టేజి' దగ్గర కవి 'సర్దే విధానం' మింగేశాడు. రెండవదాని కలెక్టరుకు అసలు నమూనాలో 470 ఓములు, 8.2 కిలో ఓములు వరుసగా ఉంటాయి. ఈ 8.2 స్థానంలో ఒక ప్రీసెట్ (తిప్పి విలువ మార్చుకొనే చిన్న రెసిస్టరు) పెట్టి, మీటరు చూస్తూ 4.5 వచ్చేదాకా తిప్పాలి. ఇక్కడొక పాఠభేదం ఉంది: ‘సగపు వోల్టేజి నిలుపుము చెవికి నచ్చ’. స-చె లకు స్వరమైత్రి లేదు, యతి చెడింది. అయినా ఆ పాఠం ప్రకారం తిప్పిన పెడలే బాగా పలుకుతుంది. 5 దగ్గర తీయగా ఉంటే 4.5 కోసం పోట్లాడనక్కరలేదు. మరీ పక్కకు జరిగితే మాత్రం స్వరం తెగిపోయి, చిటపటలాడి, మధ్యలోనే చస్తుంది. అదీ కావాలనేవారున్నారు, వారికి శాస్త్రంతో పనిలేదు.

'చలువవేళ' మీద వివాదం పెద్దది. చల్లగా ఉన్నప్పుడు సర్దమనా, చల్లగా ఉన్నప్పుడే నిలుస్తుందనా? రెండూ ఒప్పే. జెర్మేనియం లీకు సుమారు ప్రతి 10 డిగ్రీలకు రెట్టింపవుతుంది. లండన్‌లో 20 డిగ్రీల గదిలో 60 మైక్రోఆంపియర్లు కారే ట్రాన్సిస్టరు యోగ్యురాలే. దాన్నే మే నెలలో విజయవాడలో 42 డిగ్రీల మధ్యాహ్నం వేదిక ఎక్కిస్తే లీకు నాలుగు రెట్లు దాటి 270 పైకి పోతుంది. మొదటి ట్రాన్సిస్టరు కలెక్టరులో ఉన్న 33 కిలో ఓముల రెసిస్టరు 9 వోల్టుల మీద పంపగలిగేదే మహా అయితే 273. వచ్చినదంతా లీకే తాగేస్తే, రెండవదాని బేస్‌కు ఏమీ దక్కదు. అది మూతబడుతుంది, దాని కలెక్టరు సగం వదిలి బ్యాటరీ అంచుకు జరుగుతుంది. కనుక లీకు తక్కువదాన్ని మొదటి స్థానంలోనే కూర్చోబెట్టాలి. రెండవదానికి కొంత లీకున్నా ప్రీసెట్ సవరిస్తుంది. ప్రీసెట్‌ను బయటినుంచి తిప్పేలా డబ్బాకు ఒక రంధ్రం పెట్టుకున్నవాడు ఎండాకాలం కచేరీలో నెగ్గుకొస్తాడు.

“ఇంత బాధ ఎందుకు, సిలికాన్ జాతి బీసీ108 వేయరాదా?” అని చివరి పూర్వపక్షం. ఆర్బిటర్ వారూ తరువాత సిలికాన్‌కే మారారు. లీకు లేనట్టే, ఎండకు బెదరదు, గెయిన్ వందల్లో. కాని పదును చెవిని కోస్తుంది, అప్పుడప్పుడు రేడియో స్టేషనును పట్టి వినిపిస్తుంది, గిటారు వాల్యూమ్ తగ్గించినప్పుడు జెర్మేనియం తేటపడినంత ఇంపుగా తేటపడదు. అయినా వేసుకుంటానంటే ఈ పద్యంలో మిగిలేది 'సగపు వోల్టేజి నిలుపుము' ఒక్కటే. దానికి టీక పైన చెప్పేశాను.