చెకౌట్ పదకొండు గంటలకి

సముద్రం పక్కన ఇల్లు కొన్నవాడికి సముద్రం తప్ప అన్నీ కనిపిస్తాయి. ముఖ్యంగా తుప్పు.

మా భీమిలి ఇంటి సంగతే చెబుతున్నాను. అసలు మా ఆవిడ మనసు అరకు మీద ఉండేది. రిటైరయ్యాక అక్కడో చిన్న ఇల్లు, గుమ్మం ముందు పొగమంచు, చేతిలో కాఫీ. కానీ అరకు ఏజెన్సీ ప్రాంతం. 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరులు అక్కడ భూమి కొనడానికి వీల్లేదు. 1970లో ఆ చట్టం చేసినవాళ్లు గిరిజనుల భూములు కాపాడాలనుకున్నారు. పనిలో పనిగా నా ప్రావిడెంట్ ఫండుని కూడా చాలాకాలం కాపాడారు. తర్వాత ఆవిడ చూపు కొండ దిగి సముద్రం వైపు తిరిగింది. ఆ సముద్రానికి ఏ చట్టమూ అడ్డురాలేదు.

మేముండేది విశాఖలో. ఊరికే తాళం వేసి ఉంచేకంటే టూరిస్టులకి రోజువారీ అద్దెకిస్తే ఇల్లు తన తిండి తనే సంపాదించుకుంటుందని అందరూ అన్నారు. సంపాదిస్తోంది, అబద్ధమెందుకు? సంపాదించిందంతా తనే తింటోంది. ఉప్పుగాలికి గేటు, కిటికీ కమ్మీలు, ఏసీ బయటిపెట్టె వరసగా జబ్బు పడతాయి. ఏసీ మెకానిక్ మా ఇంటికొస్తే సొంతింటికి వచ్చినట్టు చెప్పులు విప్పి, ఫ్రిజ్ తీసి, మంచినీళ్లు తాగి, అప్పుడు పని మొదలుపెడతాడు. ఆ ఇంట్లో మాకంటే అతనే ఎక్కువ ఉన్నాడు మరి.

ఇక తువ్వాళ్లు. తెల్లవి కొనడం మా ఆవిడ పట్టుదల. భీమిలికి వచ్చినవాళ్లు ఎర్రమట్టి దిబ్బలు చూడకుండా పోరు. వేల ఏళ్లపాటు గాలీ నీరూ కలిసి పేర్చిన ఇసుక అది; భూవిజ్ఞానులు పదిలంగా కాపాడుకోవాలంటారు. మా అతిథులు ఆ మాట మనసుకి పట్టించుకుని, కాళ్లకి పట్టినంత మా ఇంటికి తెచ్చి, తెల్ల తువ్వాళ్లలో భద్రపరిచి వెళతారు.

దసరా సెలవులకి బెంగాలీలు దిగుతారు. వాళ్లంటే నాకు గౌరవం. తెల్లారకముందే లేచి, తీరానికి పడవలొచ్చేవేళకి వెళ్లి, బేరమాడి చేపలు తెచ్చుకుని, సొంతంగా వండుకుంటారు. కాకపోతే వాళ్లు వెళ్లాక ఆవనూనె ఘాటు ఇంకో వారం అద్దె కట్టకుండా ఉంటుంది. హైదరాబాద్ కుర్రాళ్లు వంటింటి ముఖం చూడరు, బిర్యానీ ఎక్కడ దొరుకుతుందని మాత్రం అడుగుతారు. దొరికాక, అది బిర్యానీ కాదంటారు.

ఒకసారి అర్ధరాత్రి మా వాచ్‌మన్ ఫోన్ చేశాడు.

"బాబూ, సముద్రం ఎన్నింటికి మూసేత్తారని అడుగుతున్నారు. ఏటి సెప్పమంటారు?"

పదింటికే మూసేశారని చెప్పమన్నాను. చీకట్లో నీళ్లలోకి దిగకుండా పడుకుంటారు. పడుకున్నారుగానీ, పొద్దున్నే యాప్‌లో రాశారు: "రాత్రంతా అలల మోత. ఓనర్‌కి చెప్పినా ఏమీ చేయలేదు." రెండు చుక్కలు తగ్గించారు.

అయినా అతిథులతో ఒక సుఖముంది. పదకొండు గంటలకి ఖాళీ చేస్తారు. భీమిలిలో ఆ నియమం అందరూ పాటించలేదు. 17వ శతాబ్దంలో వర్తకానికని దిగిన డచ్చివాళ్లు 1825 దాకా కదల్లేదు, కొందరైతే ఇప్పటికీ సమాధుల తోటలో చెకౌట్ కాకుండా ఉన్నారు. మా చుట్టాలు ఆ డచ్చి సంప్రదాయానికి చెందినవాళ్లు. "మనిల్లేగా!" అంటూ సరిగ్గా డిసెంబరు 31కే వస్తారు. ఆ మాట విన్నప్పుడల్లా మా ఆవిడ కళ్ల ముందు ఆ రాత్రి అద్దె రెక్కలు కట్టుకుని ఎగిరిపోతుంది. అందుకని చుట్టాలెవరు ఏ తేదీ అడిగినా "అయ్యో, ఆ రోజుకి బుకింగ్ అయిపోయిందే" అనడం నేర్చుకుంది. కొన్నాళ్లు బాగానే నడిచింది.

మా తోడల్లుడు మాత్రం లొంగే మనిషి కాదు. బుకింగ్ ఉందని మా ఆవిడ చెప్పిన తేదీనే యాప్‌లో ఖాళీగా చూసి, స్నేహితుడి పేరుతో డబ్బు కట్టేసి, సకుటుంబంగా దిగాడు. ఏడాది పొడుగునా నన్ను "అన్నయ్యగారూ" అనే మనిషి, ఉన్నన్నాళ్లూ "ఓనర్‌గారూ" అన్నాడు. గీజర్ వేడెక్కలేదని ఒక ఫోను, దిండు మెత్తగా లేదని ఇంకో ఫోను, బోరు నీళ్లు ఉప్పగా ఉన్నాయని మరొకటి. డబ్బు కట్టిన మనిషి, ఏమనగలం? మా ఆవిడ చెల్లెలు కూడా తక్కువ తినలేదు. ఫోన్ లాక్కుని, "అక్కా, తువ్వాళ్లు ఎర్రగా ఉన్నాయేంటే?" అంది.

వెళుతూ వెళుతూ ఆయన రాసిన నాలుగు వాక్యాలు ఇప్పటికీ అందరికీ కనిపిస్తూనే ఉన్నాయి: "ఇల్లు ఫరవాలేదు. ఓనర్ కాస్త ముభావి. ఓనర్ భార్యకి తేదీలు సరిగా గుర్తుండవు. హాల్లో పెళ్లి ఫొటోలో ఎడమ చివర నుంచున్న ఆయన మాత్రం చాలా హుందాగా ఉన్నారు."

ఎడమ చివర నుంచున్నది ఆయనే.

ఆ ఫొటో తక్షణం తీసేయాలని మా ఆవిడ అంటుంది. తీస్తే దాని వెనక చెమ్మ మరక బయటపడి ఇంకో చుక్క పోతుంది. అందుకని ఆయన్ని అలాగే ఉంచాం.