‘వైబ్ వేరే ఉంటది’: సటీకా తాత్పర్యం

మూలం: "రెండో పాట డాడ్‌గాడ్‌లో పెడ్దాం రా, వైబ్ వేరే ఉంటది. తర్వాత మళ్లీ మామూలుకి తెద్దాంలే."

అవతారిక: ఆల్బం రెండో పాట దగ్గర ఆగిపోయిన వేళ, హైదరాబాదులో గంటల లెక్కన అద్దెకు తీసుకున్న రిహార్సల్ గదిలో మా గిటారిస్టు సెలవిచ్చిన వాక్యమిది. వినేవాళ్లం బాసు, డ్రమ్ములు, పాటలు రాసే నేను.

ప్రతిపదార్థం: రెండో, పాట, పెడ్దాం, రా: స్పష్టం. డాడ్‌గాడ్ అనగా, ఈ-ఏ-డి-జి-బి-ఈ అని ఉండే గిటారులో ఆరో తీగ, రెండో తీగ, ఒకటో తీగ రెండేసి ఫ్రెట్లంత దించగా వచ్చే డి-ఏ-డి-జి-ఏ-డి. మన లెక్కలో స-ప-స-మ-ప-స. గాంధారం లేదు గనుక మేజరో మైనరో తేలదు. వైబ్ అనగా ఆ తేలకపోవడమే.

విశేషం: అనవసరమైనది రాయనని కోలాచలం మల్లినాథసూరి ప్రతిజ్ఞ. మనకా ప్రతిజ్ఞ లేదు; పైగా ఆ మూడు తీగలూ కుదిరేదాకా తీరికే తీరిక. శ్రుతి మార్చడం మనవాళ్లకు కొత్త కాదు. పున్నాగవరాళి, నాదనామక్రియ నిషాదం దాటి పైకి పోవు. నవరోజు పంచమం దగ్గరే ఆగుతుంది. పైన ఖాళీ, కింద ఇరుకు. అందుకని తంబురాలో పంచమం తీగను మధ్యమానికి దించి, ఆ మధ్యమాన్నే షడ్జమం చేసుకుని పాడతారు. రాగం అంతా గొంతుకు అందే చోటికి వస్తుంది. పున్నాగవరాళిని అలా మధ్యమ శ్రుతిలో, నాగస్వరం మీద, ఊరి గుడి ముందు వినాలి... సరే, గిటారు.

పడమటి పెద్దలదీ ఇదే దారి. బర్మింగ్‌హామ్ ఫ్యాక్టరీలో రెండు వేళ్ల కొసలు తెగిపోయిన టోనీ అయోమీ, తీగలు మెత్తబడాలని శ్రుతి దించాడు. చిన్నప్పటి పోలియోతో ఎడమచెయ్యి బలహీనపడ్డ జోనీ మిచెల్ ఆ చేతికి వీలైన శ్రుతులు వెతుక్కుంది. మావాడికి పది వేళ్లూ దివ్యంగా ఉన్నాయి. లేనిది రెండో చరణానికి బాణీ. చరణం రాసిచ్చి నెల దాటింది మహాప్రభో!

తాత్పర్యం: బాణీ తట్టనప్పుడు బిరడలు తిప్పవలెనని భావం. గిటారు తలకు తగిలించిన ట్యూనర్‌లో ఆరో తీగకు పచ్చలైటు వెలుగుతుంది. ఒకటో తీగ దించేసరికి మెడ మీద బిగువు తగ్గి ఆరోది మళ్లీ ఎరుపు. డ్రమ్మరు ఫోనులో రీళ్లు చూస్తుంటాడు. గది అద్దె మాత్రం శ్రుతి తప్పదు. తీరా ‘వైబ్’ వచ్చాక గాయనికి ఆ స్థాయి అందదు. కేపో పెడతారు. కేపో పెట్టాక మళ్లీ ట్యూనర్.

పాఠవిచారం: "తర్వాత మళ్లీ మామూలుకి తెద్దాంలే" అన్న భాగం ప్రక్షిప్తమని డ్రమ్మరుగారి మతం. ఆ ప్రకారం జరిగినట్టు ఎక్కడా దాఖలా లేదు గనుక మేమూ దాన్నే స్వీకరించాం. మూడో పాట ఓపెన్ జి అట.