గానుగెద్దు మినహాయింపు: ఒక టీకా తాత్పర్యం

అవతారిక: బెల్లానికి పేరుమోసిన అనకాపల్లిలో చెరకు పరిశోధన 1913 నుంచీ సాగుతోంది. ఈ వ్యాఖ్య మాత్రం చెరకు మీద కాదు, గడ్డి మీద. ఆ ఊరి లేత్ షెడ్డులో ఎవరైనా గడ్డి ముక్కలు చేసే చాఫ్ కట్టర్ తయారుచేసి యూరప్‌కి పంపబోతే మొదట ఎదురయ్యే సూత్రం యూరోపియన్ యూనియన్ వారి 2006/42 యంత్రాల ఆదేశంలో ఉంది.

మూలం (సారం): మనిషి గాని పశువు గాని నేరుగా పెట్టే బలం కాక, వేరే చోదకం అమర్చినదీ అమర్చదలచినదీ యంత్రం.

ప్రతిపదార్థం: మనిషి బలం = చక్రం తిప్పే కూలీ చెయ్యి; పశుబలం = గానుగెద్దు; వేరే చోదకం = కరెంటు మోటారు, డీజిల్ ఇంజను; అమర్చదలచినది = “మోటారు మీరే కొనుక్కోండి” అని తప్పించుకోజూసేవారికి వేసిన ముందరికాళ్ల బంధం.

తాత్పర్యం: పాతకాలపు ఎడ్ల గానుగ ఈ ఆదేశం దృష్టిలో యంత్రం కాదు. దానికే మోటారు బిగిస్తే యంత్రం.

శంక: చేత్తో లాగి బరువులెత్తే చైన్ పుల్లీ మాటేమిటి? సమాధానం: మనిషి బలంతో బరువెత్తేది యంత్రమే అని ప్రత్యేకంగా చెప్పారు. మరి ఎడ్లు తోడే మోట? అక్కడ మనిషి పేరే రాశారు, ఎద్దు మళ్లీ బయటపడింది.

విశేషాంశం: యంత్రమని తేలాక గడ్డి తోసే చెయ్యి బ్లేడు దాకా పోకుండా గార్డు ఉండాలి, చప్పున ఆపే ఏర్పాటుండాలి. యూరప్ నియమాలకు సరిపోతుందని చెప్పే సీఈ గుర్తు కనీసం 5 మిల్లీమీటర్ల ఎత్తుండాలి. చాఫ్ కట్టర్‌కి ఆ గుర్తు బ్రస్సెల్స్ నుంచి ఎవరూ పంపరు. తయారీదారే పరీక్షించి, ప్రకటించి, వేసుకుంటాడు. రుజువుల ఫైలు మాత్రం పదేళ్లు దాచాలి. వాడకం పుస్తకం కొనేవారి దేశభాషలో ఉండాలి. దాని మీద ఇది మూలమో అనువాదమో కూడా రాయాలి. వ్యాఖ్యాతలకు ఇంతకన్నా ఇష్టమైన నియమం దొరకదు! 2027 జనవరి 20 నుంచి ఈ ఆదేశం స్థానంలో 2023/1230 నిబంధన వస్తుంది.

పాఠాంతరం: అదే యూరప్‌కి ఇంట్లో కుక్కకు అన్నం పెట్టే స్టీలు గిన్నె పంపితే? మోటారు లేదు, సీఈ అక్కర్లేదు. అందం కోసం కొట్టించినా తప్పే. అలాగని వదలరు. 2024 డిసెంబర్ 13 నుంచి అమల్లో ఉన్న 2023/988 సరుకుల భద్రత నిబంధన ప్రకారం యూరప్‌లో ఒక బాధ్యుడు ఉండాలి, అతని పేరూ చిరునామా సరుకు మీదో పెట్టె మీదో కనిపించాలి.

శంక: జర్మనీలో మేనమామ ఉన్నాడు, చాలదా? సమాధానం: మేనమామ దిగుమతిదారో, రాతపూర్వకంగా అధికారం పొందిన ప్రతినిధో అయితే చాలు. అధికారులు అడిగిన రోజు గిన్నె పత్రాలు ఆయనే చూపించాలి.