బండికి మైల

మడీ మైలా అంతరించిపోయాయని బెంగపడేవాళ్లకు శుభవార్త. అవి పోలీసు గస్తీ బండిలో పదిలంగా ఉన్నాయి.

2018 జనవరిలో ఉత్తరప్రదేశ్‌లోని సహారన్‌పూర్‌లో ఇద్దరు కుర్రాళ్లు రాత్రిపూట మోటారుసైకిల్ ప్రమాదంలో రక్తమోడుతూ రోడ్డు మీద పడ్డారు. 100 బండి వచ్చింది. ఎక్కించమని జనం చేతులు జోడించారు. ససేమిరా అన్నారు సిబ్బంది. బండికి రక్తం అంటితే రాత్రంతా తామెక్కడ కూర్చోవాలని వాళ్ల బాధ. ఎవరో వీడియో తీశారు కాబట్టి ఆ బాధ దేశమంతా విన్నది. పిల్లలిద్దరూ పోయారు. ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. బండికి మాత్రం మైల అంటలేదు.

అదే ఏడాది జులైలో రాజస్థాన్‌లోని అల్వర్ జిల్లాలో, ఆవుల్ని తోలుకెళ్తున్న మనిషిని గుంపు చావబాదింది. పోలీసులు వచ్చారు. ఆస్పత్రి ఆరు కిలోమీటర్ల దూరం. చేర్చడానికి సుమారు మూడు గంటలు పట్టింది. ముందు ఆవులకు గోశాల చూపించి, దారిలో టీ తాగి, ఆ తర్వాత వెళ్లారని పత్రికలు రాశాయి. నడిచి వెళ్లినా అంతకంటే ముందే చేరేవాళ్లు.

‘మేమేమైనా డాక్టర్లమా?’ అంటారు. నిజమే, ఆపరేషన్ చెయ్యమని ఎవరూ అడగలేదు. ఎక్కించుకోమన్నారు, అంతే. ముందు ప్రాణం, తర్వాతే కాగితాలు అని పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు 1989లోనే తేల్చింది. కస్టడీలో ఉన్న నిందితుడి ఆరోగ్యం, భద్రత చూడటం అతన్ని పట్టుకున్నవాళ్ల విధి అని నాగరిక్ సురక్షా సంహిత 56వ సెక్షన్ చెబుతోంది. దొంగకే అంత పూచీ ఉంటే, ఏ పాపం ఎరగక రోడ్డు మీద పడ్డవాడికి ఎంత ఉండాలి?

ఇంకో వింత చూడండి. గాయపడినవాణ్ని ఆస్పత్రికి చేర్చే దారినపోయే దానయ్యను కాపాడటానికి 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ చేర్చారు. దేన్నుంచి కాపాడటానికి? కేసుల నుంచి, స్టేషన్ చుట్టూ తిరిగే తిప్పల నుంచి! సాయం చెయ్యాల్సినవాళ్లకు భయపడి సాయం మానుకునే జనానికి ధైర్యం చెప్పడానికి ఒక చట్టం కావాల్సివచ్చింది.

పోలీసు పెద్దలకు ఒక్కటే మనవి. ప్రతి గస్తీ బండిలో ఒక రెక్సిన్ పట్టా, ఒక బకెట్టు పెట్టించండి. రక్తం నీళ్లతో పోతుంది. పోయిన ప్రాణానికే సంప్రోక్షణ లేదు.