ద్రాక్ష తప్ప అన్నీ

వైను సీసా వెనక అంటించిన వర్ణన ఎప్పుడైనా చదివారా? నల్ల చెర్రీలు, దేవదారు చెక్క, తడిసిన పలకరాయి, తోలు జీను, చివర్లో కాస్త పొగాకు. రాసినాయన కిరాణా కొట్టు, కట్టెల అడితి, గుర్రాల సాల అన్నీ తిరిగొచ్చాడు గానీ ద్రాక్షతోట గడప మాత్రం తొక్కలేదు. అనాబెషాహి ద్రాక్ష గుత్తి చేతిలో పెడితే మన హైదరాబాదీ తియ్యగా ఉందనో పుల్లగా ఉందనో చెప్పి ఊరుకుంటాడు. పాపం, చదువులేనివాడు!

పోనీ ఈ వర్ణనలు రాసేవాళ్ల ముక్కే అంత గొప్పదేమో అనుకుందామంటే, పరువు తీసింది సాక్షాత్తూ బోర్డో విశ్వవిద్యాలయమే. అక్కడ వైను శాస్త్రం చదివే 54 మందికి తెల్ల వైనులో వాసన లేని ఎర్రరంగు కలిపి ఇచ్చారు. శ్రద్ధగా పీల్చి, ఎక్కువగా ఎర్ర వైనుకు వాడే మాటలే ఏకరువు పెట్టారు. ఫ్రెడరిక్ బ్రోషే బృందం 2001లో దీన్ని అచ్చువేసింది. కాలిఫోర్నియా రాష్ట్ర పోటీల్లో రాబర్ట్ హాడ్జ్‌సన్ ఇంకో అడుగు ముందుకేశాడు. ఒకే సీసాలోని వైనును న్యాయనిర్ణేతలకు మూడుసార్లు వేరువేరుగా పోయించాడు. మూడుసార్లూ దాదాపు ఒకే మార్కు వేసినవాళ్లు పదిమందిలో ఒకరు. పతకాలు మాత్రం ఏటా పంచుతూనే ఉన్నారు.

అలాగని అన్ని మాటలూ బడాయే అంటే అన్యాయం. కేబర్నే సావిన్యాన్‌లో పచ్చి క్యాప్సికం వాసన నిజం. దానిలోనూ దీనిలోనూ ఉన్నది పైరజీన్ అనే ఒకే పదార్థం. షిరాజ్‌లో మిరియాల ఘాటు నిజం. రోటండోన్ అనే ఆ పదార్థం మన మిరియంలోనూ ఉంది. షార్డనేలో వెన్న వాసన వస్తే, పచ్చి ఆపిల్ పులుపును బ్యాక్టీరియా పెరుగు పులుపుగా మార్చిందని లెక్క. మలోలాక్టిక్ అనేది దీన్నే. టానిన్ అంటారా, కడక్ డికాషన్ తాగాక నాలుక పిడచకట్టుకుపోతుందే, అదే. ఇవన్నీ పది నిమిషాల్లో నేర్చుకోవచ్చు. అందుకే వీటితో దర్జా రాదు.

దర్జా కావాలంటే వైనులో 'మినరాలిటీ', అంటే రాతి రుచి, ఉందనాలి. ద్రాక్షతీగ రాతి రుచిని వేళ్లతో పీల్చి కాయకు ఎక్కించదని భూగర్భ శాస్త్రవేత్త అలెక్స్ మాల్ట్‌మన్ ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నాడు. అసలు రాయికి రుచి ఉంటే కదా! గ్లాసు గోడల మీద జారే ధారలు చూసి తల పంకించడం మరో విద్య. ఆల్కహాలు ఆవిరవుతుంటే అలా జారుతుందని జేమ్స్ థామ్సన్ 1855లోనే చెప్పాడు. ఇక సీసా మీద 'రిజర్వ్' సంగతి: స్పెయిన్‌లో రిసెర్వా అని వేయాలంటే ఎర్ర వైను మూడేళ్లు మాగాలి. అమెరికాలో అచ్చాఫీసువాడు ఒప్పుకుంటే చాలు.

అన్నట్టు, మొదట్లో చెప్పిన ఆ తోలు జీను. ఆస్ట్రేలియా హంటర్ లోయ షిరాజ్‌లో చెమటపట్టిన జీను వాసన వస్తే, అది ఆ నేల మహిమ అని చాలాకాలం మురిసిపోయారు. తీరా చూస్తే చాలావరకు బ్రెట్టనోమైసిస్ అనే ఈస్టు పీపాల్లో చేరి పాడుచేసిన కంపు. అదే కంపు పొరుగువాడి సీసాలో వస్తే లోపం, తమ సీసాలో వస్తే వారసత్వం!

ఇంత కవిత్వంలోనూ నిఖార్సయిన మాట ఒకటుంది. సావిన్యాన్ బ్లాంక్ వాసన చూసి, నిపుణులు తమలో తాము 'పిల్లి ఉచ్చ' అనుకుంటారు. అందులో ఆ వాసన పుట్టించే గంధక పదార్థం ఉన్నమాట నిజమే. లేబులు మీద మాత్రం 'బాక్స్‌వుడ్ పొద' అని వేస్తారు.